నాలుగు వందల పన్నెండో పొట్లం

యతిరాజులుకు లోకంలో వచ్చిన విద్య ఒక్కటే. పొట్లం కట్టడం.

నవ్వేవాళ్లు నవ్వవచ్చు. అంగట్లో చక్కెర కట్టించుకుని ఇంటికి చేరేలోగా జేబు నిండా చీమలు పట్టినవాళ్లకు తెలుసు, ఆ విద్య అందరికీ రాదని. యతిరాజులు కట్టే పొట్లానికి జిగురు అక్కర్లేదు, దారం అక్కర్లేదు. అయిదు మడతలు. అయిదో మడత కొస మొదటి మడత పొట్టలోకి దూరి కూర్చుంటుంది. తలకిందులు చేసి విదిలించినా లోపలి పొడి రవ్వంత రాలదు.

ఆ విద్య తండ్రి దేవరాజులు దగ్గర నేర్చుకున్నది. ఆయన తిరుమలలో, చాప పరిచినంత అంగట్లో, నామాల శ్రీచూర్ణమూ పచ్చకర్పూరమూ అమ్మేవాడు. పొట్లం కట్టడానికి ఆయన రెండు నియమాలు పెట్టాడు. కట్టేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి, ఎందుకంటే స్వామికి చేరే వస్తువు మీద మన ఊపిరి తగలకూడదు. ఇక కట్టిన పొట్లాన్ని కట్టినవాడు మళ్ళీ విప్పకూడదు. "కట్టేది మన పని, విప్పేది వాళ్ల పని" అనేవాడు. కొడుకు చిన్నప్పుడు ఒకసారి అనుమానం కొద్దీ ఒక పొట్లం విప్పి చూస్తే, వీపు మీద విసనకర్ర కాడ విరిగింది.

తండ్రి పోయాడు. అంగడి అంతంతమాత్రంగా నడుస్తోంది. 1968లో ఒకనాడు, తిరుపతిలో ఒక కాలేజీ బోటనీ డిపార్ట్‌మెంటు పెద్దాయన దర్శనానికి వచ్చి, పచ్చకర్పూరం కొని, పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కర్పూరం సంగతి మరిచిపోయాడు. "ఏమప్పా, కింద మా కాలేజీలో ఇట్లాంటివి వేలకు వేలు కట్టాల. వస్తావా?" అన్నాడు. యతిరాజులుకు అప్పటికి ముప్పై మూడేళ్లు. మరుసటి వారం కొండ దిగి కాలేజీలో చేరాడు.

అక్కడి పని ఏమిటంటే, ఆకులూ పువ్వులూ అయితే అట్టల మీద అంటించి దాస్తారు. రాతిపువ్వుల్ని అలా అంటించడం కుదరదు. రాళ్ల మీదా చెట్ల బెరడు మీదా బూడిదరంగులో పొలుసులు పొలుసులుగా పట్టి ఉంటుందే, మన ఆడవాళ్లు మసాలాలో వేస్తారే, అదే రాతిపువ్వు. చదువుకున్నవాళ్లు లైకెన్ అంటారు. నిజానికి అది పువ్వూ కాదు, ఒక మొక్కా కాదు. ఒక బూజూ ఒక పాచీ కలిసి చేసుకునే కాపురం. ముట్టుకుంటే పొడి రాలే ఆ సరుకును పొట్లాల్లోనే దాచాలి. పైన నంబరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చినవాడి పేరు రాయాలి.

తెచ్చినవాడి పేరు అన్నచోట ఎప్పుడూ లెక్చరర్ల పేర్లే ఉండేవి. కొండ ఎక్కి, ఉలితో రాయి గీకి, పొట్లం కట్టి, సంచి మోసుకుని దిగేవాడు యతిరాజులు. పదకొండేళ్లూ ఆయన టెంపరరీ. పదకొండేళ్లూ ఆయన పేరు "పొట్లాల యతి". ప్యూను కుప్పయ్య కూడా అట్లాగే పిలిచేవాడు. ఇంతా చేసి ఆయన బతుకు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆయనకు కోపం రాలేదా అంటే వచ్చింది. కోపం వచ్చిన రోజు పొట్లం మడతలు ఇంకాస్త గట్టిగా వేసేవాడు, అంతే.

ఇప్పుడు ఆయన తల్లి పెరుందేవమ్మ సంగతి చెప్పాలి. అరవై ఆరేళ్ల మనిషి, ముళ్లకంపలాంటి ఒళ్లు. నెలకోసారి తిరుమల మెట్లెక్కి దండం పెట్టి వచ్చేది. అయినా ఆమె మనసంతా బదరి మీదే. "వాకిట్లో ఉండే సామిని సూసేదానికి పుణ్యమెందుకురా, కాళ్లుంటే సాలు. బదరికి పోవాలంటే నొసట రాసుండాల" అనేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

1979 ఎండాకాలంలో తిరుపతి నుంచి నలభైమంది వైష్ణవుల గుంపు బదరికి బయల్దేరింది. పెరుందేవమ్మ వాళ్లతో పోయింది. ఇరవై రెండు రోజుల తర్వాత ముక్కు మీద తోలు ఊడి, పాదాలు పగిలి, రాజ్యం గెలిచిన దానిలా తిరిగొచ్చింది. మూతికి సీలు వేసిన గంగచెంబు తెచ్చింది, గంపెడు ఎండు తులసి తెచ్చింది. అన్నిటికంటే భద్రంగా కొంగుముడిలో ఇంకొకటి తెచ్చింది.

బదరిలో గుడికి పైన, గంటసేపు ఎక్కితే, స్వామి పాదాల గుర్తులున్న బండ ఒకటి ఉంది. చరణపాదుక అంటారు. గుంపులో ముసలివాళ్లెవరూ ఎక్కలేదు, ఈమె ఒక్కతే ఎక్కింది. మంచు కరిగిన చోట, పొట్టి గడ్డి నడుమ, గోధుమరంగులో బెత్తెడు పొద ఒకటి కనిపించింది. ఆకు లేదు, పువ్వు లేదు, వట్టి కొమ్మలు. గుప్పెడు పీకి కొంగున కట్టుకుంది.

దొరికిన చోటూ దాని రూపూ కొడుక్కి చెప్పి, "సామి జటరా అది" అంది. "ఆడ తపసు చేస్తా ఉంటే రాలింది." ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమెకే తోచింది, తోచాక ఇక తిరుగులేదు. "నా పానం పొయ్యే పొద్దు దీన్ని నా చేతిలో పెట్టు. ఆడ సామి అడిగితే సూపిస్తా, నీ పాదాల కాడికి వచ్చిపోయినానని. ఇంకేం అడగను నిన్ను."

"అట్లే లేమ్మా" అన్నాడు యతిరాజులు.

యాత్ర చేసి వచ్చినవాళ్లు తెలిసిన ప్రతి ఇంటికీ ప్రసాదం పంచాలి. డెబ్బై ఇళ్లు లెక్క తేలాయి. యతిరాజులు కాలేజీ నుంచి ఒక దస్తా గోధుమరంగు కాగితం చంకలో పెట్టుకొచ్చాడు. పదకొండేళ్లలో ఆయన చేసిన దొంగతనం అదొక్కటే. తల్లి కాగితంలో తులసి పెడుతూ ఉంటే ఆయన ముఖం పక్కకు తిప్పుకుని కడుతూ పోయాడు. చివర ఆమె కొంగుముడి విప్పి జటను కాగితంలో పెట్టింది. దాన్నీ అలాగే కట్టాడు. అయిదు మడతలు. పొట్లాన్ని గోడ గూట్లో, గంగచెంబు వెనక పెట్టారు.

చెప్పేటప్పుడు నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. పదకొండేళ్లు రాళ్ల మీద పొలుసుల్ని భూతద్దం పెట్టి చూసిన మనిషి. తల్లి మూడువేల మైళ్లు తిరిగి కొంగున కట్టుకొచ్చింది కళ్లెదుట పెడితే, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూసి ఉంటే ఈ కథే లేదు.

సెప్టెంబరులో ఒక శనివారం. దామోదరం అనే లెక్చరరు తిరుమల కొండల రాతిపువ్వుల మీద డాక్టరేటు చేస్తున్నాడు. ఐరాల దగ్గర చెరుకు పండించే కుటుంబం, ఇంట్లో మొదటి చదువరి. ఆయన కోసం యతిరాజులు నారాయణగిరి ఎక్కి, స్వామి అడుగుల గుర్తులున్న శ్రీవారి పాదాల బండ దాకా పోయి, ముప్పై పొట్లాలు కట్టాడు. దిగేటప్పుడు వాన పట్టుకుంది. అక్కడికక్కడే నంబరు వెయ్యమని దామోదరం ఎన్నిసార్లు చెప్పినా, ఆయనకు అది అలవాటు కాలేదు. తడి కాగితం మీద పెన్సిలు అంటదు. సోమవారం కాలేజీలో బల్ల దగ్గర కూర్చుని, సంచిలోంచి వచ్చిన వరసను బట్టి, జ్ఞాపకం మీద వేసేవాడు. జ్ఞాపకం ఎప్పుడూ తప్పలేదు.

ఇల్లు చేరి, సంచి బోర్లించి, పొట్లాలను గోడ గూటి కింద బల్ల మీద ఆరబెట్టాడు. ఆ సాయంత్రమే మిద్దె కురిసి గూట్లోకి నీళ్లు కారాయి. భార్య వేదవల్లి గూట్లోని చెంబూ, పటమూ, పొట్లమూ తీసి అదే బల్ల మీద పెట్టింది. వాన తగ్గాక పెరుందేవమ్మ చేతికందిన పొట్లం తీసి మళ్ళీ గూట్లో పెట్టింది. ఒకే కాగితం, ఒకే చెయ్యి, అయిదేసి మడతలు. ఆ ఇంట్లో కట్టిన పొట్లాన్ని విప్పి చూసే అలవాటు ఎవరికీ లేదు.

సోమవారం యతిరాజులు ముప్పై పొట్లాలకు నంబర్లు వేశాడు. ఆఖరిది నాలుగు వందల పన్నెండు. ఆఖరున గీకింది శ్రీవారి పాదాల బండ దగ్గర కాబట్టి దాని మీద ఆ చోటే రాశాడు.

నాలుగు రోజుల తర్వాత దామోదరం గది నుంచి కేక వినిపించింది. "యతిరాజులూ! ఇట్రా అబ్బా, ఇట్రా!"

బల్ల మీద తెల్ల పింగాణీ పలకలో పడి ఉంది అది. మాడిన సేమ్యాలా గోధుమరంగు, చిక్కుపడ్డ సన్నటి కొమ్మలు, కొమ్మకొమ్మకూ చిట్టి ముళ్లు. మన కొండల రాతిపువ్వు రాయికి పలకలా అతుక్కుని పాకుతుంది. ఇది పొదలా లేచి నిలబడింది.

"యాడ దొరికింది ఇది?"

యతిరాజులుకు జ్ఞాపకం రాలేదు. అలాంటిదాన్ని గీకినట్టే గుర్తు లేదు. కానీ పదకొండేళ్లలో ఆ కాలేజీలో ఎవరూ ఆయన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అడిగిన మొదటిసారే తెలియదు అని ఎట్లా చెప్తాడు? పొట్లం మీద తన చేత్తో రాసిందే ఉంది కదా!

"శ్రీవారి పాదాల కాడ సార్. బండ పక్కన."

ఇక మూడు రోజులు దామోదరానికి తిండి లేదు. యతిరాజులును పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షలు చేశాడు. ఒక కొమ్మను బ్లేడుతో అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూశాడు. కొమ్మల మీద వరసగా తెల్లటి చిన్న గుంటలు కనిపించాయి. "ఊపిరి తీసేదానికి చేసుకున్న సందులబ్బా ఇవి" అని యతిరాజులుకు కూడా చూపించాడు. తర్వాత చుక్కల పరీక్ష. రాతిపువ్వు మీద పొటాషు ద్రవం చుక్క వేస్తే ఒకటి పసుపవుతుంది, ఒకటి ఎర్రబడుతుంది. బ్లీచింగు నీళ్ల చుక్క వేస్తే ఇంకొకటి ఇంకో రంగు తిరుగుతుంది. ఆ రంగుల్ని బట్టి ఏ జాతో తేలుస్తారు.

మొదటి చుక్క వేశారు. రంగు మారలేదు. రెండో చుక్క, మారలేదు. మొదటిదాని మీద రెండోది వేశారు, మారలేదు. ఆఖరున ఖరీదైన మందు ఒకటి చుక్క వేసినా అది అట్లాగే గోధుమరంగుగా కూర్చుంది.

"దేనికీ కదల్లేదే సార్" అన్నాడు యతిరాజులు.

"అదే దాని గుర్తు!" దామోదరం లావుపాటి పుస్తకం తెరిచి ఒక్కొక్క మెట్టే దిగుతూ పోయాడు. పొదా, పలకా? పొద. కొమ్మ గుండ్రమా, చదునా? గుండ్రం. రంగు? గోధుమ. గుంటలున్నాయా? ఉన్నాయి. చుక్కలకు మారిందా? లేదు. ఆఖరి మెట్టు దగ్గర ఆయన వేలు ఆగింది. సెట్రేరియా అనే జాతి. మంచుకొండల మీద, చెట్లు కూడా నిలవని ఎత్తులో, గాలికీ చలికీ నేలకరుచుకుని బతికేది.

"ఇది ఈడ ఉండకూడదప్పా. హిమాలయాల్లో ఉండాల్సింది తిరుమలలో ఉండాది. దీన్ని పట్టుకునింది నువ్వు." దామోదరం లేచి యతిరాజులు రెండు చేతులూ పట్టుకున్నాడు. "తెచ్చినవాడు అనే చోట నీ పేరే వేస్తా. అచ్చులో వస్తాది. నా మీద ఒట్టు."

ఆ రోజు యతిరాజులు ఇంటికి నడిచి పోతూ గోవిందరాజస్వామి గుడి ముందు ఆగి, ఎందుకో తెలియక, ఏడ్చాడు. సంతోషానికే. ఆయన జీవితంలో సంతోషానికి ఏడ్చింది ఆ ఒక్కసారే కాబట్టి చెప్తున్నాను.

కాలేజీలో గాలి మారింది. ప్యూను కుప్పయ్య "యతిరాజులు గారూ, టీ" అనసాగాడు. ఉత్తరాదిలో రాతిపువ్వుల మీద పేరున్న ఒక పెద్దాయనకు చిన్న కొమ్మ పంపితే, జాతి సరిగ్గానే గుర్తించారని జాబు వచ్చింది. మిగిలిన పని ఒక్కటే. కొండ మీద మళ్ళీ దాన్ని చూడాలి.

వరసగా మూడు ఆదివారాలు దామోదరమూ యతిరాజులూ శ్రీవారి పాదాల చుట్టూ మోకాళ్ల మీద పాకారు. దొరకలేదు. తర్వాత యతిరాజులు ఒక్కడే ఎక్కసాగాడు. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండ వచ్చింది. అక్కడ ఉన్న ప్రతి బండా ఆయనకు పేరు పెట్టి పిలిచేంత పరిచయమైంది. బూడిదరంగు పలకలే ఉన్నాయి, గోధుమరంగు పొద లేదు.

"ఉండిందంతా నేనే గీకేసినానేమో సార్" అన్నాడు ఒకరోజు. "ఈ కొండల్లో ఈడొక్క చోటే ఉండింటే, ఈడ దాని వంశం నా ఉలితోనే పోయింది."

"ఊరుకో అబ్బా, అరుదు అని రాస్తాలే" అన్నాడు దామోదరం.

చూశారా మనిషి రాత. చెయ్యని పాపానికి ఏడాదిన్నర కుమిలాడు. చేసిన తప్పు గూట్లో, గంగచెంబు వెనక, ఆయన రోజూ దండం పెట్టే చోటే కూర్చుని ఉంది.

1981 జనవరిలో వ్యాసం అచ్చయింది. ఇంగ్లీషులో ఉంది. తన పేరున్న చోట దామోదరం ఎర్ర సిరాతో గీత గీసి ఇచ్చాడు. యతిరాజులు ఆ కాగితాన్ని తల్లికి చూపించాడు. "నీ పేరేనా ఇది? మీ నాయన సూసింటే బాగుండు" అని ఆమె అచ్చక్షరాలను వేలితో తడిమింది. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. ఫిబ్రవరిలో జ్వరం తగిలి మంచం పట్టింది. డాక్టరు చూసి వయసయిందన్నాడు.

ఒక ఉదయం ఆమె కొడుకును పిలిచింది. "యతీ, నా జట పొట్లం తీసి దగ్గర పెట్టుకో. పొద్దు దగ్గర పడతా ఉండాది."

యతిరాజులు గూట్లోంచి పొట్లం తీశాడు. దాన్ని విప్పాలి. కట్టినవాడు విప్పకూడదు. కానీ విప్పకపోతే చేతిలో పెట్టేదెట్లా? ముఖం తిప్పుకోకుండా, నాయనకు మనసులో దండం పెట్టుకుని, అయిదు మడతలూ విప్పాడు.

లోపల బూడిదరంగు పలక. నారాయణగిరి రాతిపువ్వు. తన ఉలి గీత కూడా దాని అంచున ఉంది.

కాసేపు ఆయనకేమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది. వాన, బల్ల, తడి పొట్లాలు, నాలుగు వందల పన్నెండు. గోధుమ వన్నెలో, వట్టి కొమ్మలు, చరణపాదుక బండ పక్కన. తల్లి ఏడాదిన్నర కిందటే నోటితో చెప్పింది. దామోదరం లావుపాటి పుస్తకం చివర తేల్చింది కూడా అదే.

పొట్లం కట్టి మళ్ళీ గూట్లో పెట్టి, చెప్పులు కూడా లేకుండా కాలేజీకి పోయాడు.

దామోదరం అంతా విన్నాడు. లేచి తలుపు మూశాడు. "ఇంకెవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"చెప్పొద్దు." ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. "నా డాక్టరేటులో ఒక అధ్యాయమంతా దాని మీదే నడుస్తా ఉండాది. ఆ ఉత్తరాది పెద్దాయన ఆడ సభలో చెప్పినాడంట. ఇప్పుడు అది ఒక ముసలామె కొంగులో వచ్చిందని చెప్తే నా బతుకేమైతాది? నీ బతుకేమైతాది? కాలేజీ కాగితం ఇంటికి ఎందుకు పోయిందని అడగరా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది యతిరాజులుకు. ఆయన వచ్చింది పేరు కోసం కాదు, నిజం కోసం కూడా కాదు. "చెప్పను సార్. నాకు ఒక్క కొమ్మ ఇయ్యండి చాలు. మా యమ్మ చేతిలో పెట్టాల. మాటిచ్చినాను."

దామోదరం కుర్చీలో కూలబడ్డాడు. చెడ్డవాడు కాదు ఆయన, భయస్థుడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈడ యాడుండాది యతిరాజులూ? భద్రంగా దాస్తామని పెద్దాయన అడిగితే, పోయిన నెల ఉన్నదంతా పంపేస్తిమి కదా. నువ్వే కదప్పా పార్సిలు కట్టింది."

అవును. తనే కట్టాడు. పోస్టులో నలగకుండా దూది పెట్టి, రెండు కాగితాలు చుట్టి, ఎన్నడూ కట్టనంత శ్రద్ధగా.

"జాబు రాస్తే?"

"ఏమని రాసేది? రాసినా వచ్చేదానికి నెల పడతాది."

పెరుందేవమ్మకు నెల లేదు. ఎనిమిది రోజులుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఊపిరి గొంతులోకి వచ్చింది. వేదవల్లి గంగచెంబు సీలు పగలగొట్టింది. యతిరాజులు గూట్లోంచి పొట్లం తెచ్చి విప్పాడు. ఆ ఎనిమిది రోజులూ ఆయన ఆలోచించింది ఒకటే. కళ్లు కనిపించవు కదా, తెలియదు. మన కొండ మాత్రం స్వామిది కాదా?

"ఇదో అమ్మా, నీ బదరి జట" అని ఆమె కుడిచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

వేళ్లు మెల్లగా కదిలాయి. తడిమాయి. అంచు చూశాయి, పలకను చూశాయి. బొటనవేలు ఒకసారి నలిపి ఆగింది. అరవై ఏళ్లు పప్పులూ పువ్వులూ ఏరిన వేళ్లు అవి. వాటికి లావుపాటి పుస్తకం అక్కర్లేదు.

"ఇది కాదురా" అంది.

యతిరాజులు ఆ వేళ్లను మళ్ళీ మూయబోయాడు.

"ఇది ఈడిది. మన కొండ రాతిపువ్వు." ఊపిరి తీసుకుంది. "నా దాన్ని యాడ పారేస్తివిరా?"

వేదవల్లి మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన నోరు తెరిచాడు. అచ్చులో వచ్చింది కదమ్మా, నువ్వు వేలితో తడిమిన నా పేరు దానివల్లనే కదమ్మా అని చెప్పాలి. దాన్ని ఏ నోటితో చెప్తాడు?

పెరుందేవమ్మ వేళ్లు తెరిచింది. రాతిపువ్వు చాప మీద పడింది. గంగనీళ్లు పోస్తే సగం మింగింది, సగం చెంప మీదుగా కారిపోయాయి. తర్వాత ఆమె ఏమీ అడగలేదు, కొడుకు వైపు తల కూడా తిప్పలేదు. పొద్దు వాలకముందే పోయింది. చెయ్యి తెరిచే ఉంది, అందులో ఏమీ లేదు.

మరుసటి ఏడాది దామోదరానికి డాక్టరేటు వచ్చింది. అదే ఏడాది యతిరాజులు ఉద్యోగం పర్మనెంటయింది. పద్నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగినా కానిది, ఇప్పుడు అడగకుండానే అయింది. ఎందుకయిందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. యతిరాజులు ఆదివారాలు కొండ ఎక్కడం మానేశాడు.

1988లో నగరి నుంచి పద్మాక్షి అనే అమ్మాయి పరిశోధనకు చేరింది. మగ్గం నేసే ఇంటి పిల్ల, చురుకైనది. ఆ వ్యాసం జిరాక్సు పట్టుకుని వచ్చి, "యతిరాజులు గారంటే మీరేనా? ఆ చోటు నాకు చూపించాల" అంది. దామోదరం అప్పటికి డిపార్ట్‌మెంటుకు పెద్ద. "పోయి చూపించు" అన్నాడు తల ఎత్తకుండా.

శ్రీవారి పాదాల దగ్గర బండ పక్కన ఆ అమ్మాయి భూతద్దం పట్టుకుని రెండు గంటలు పాకింది. మోచేతులు గీసుకుపోయాయి. ఒకప్పుడు తానూ అట్లాగే పాకాడు. చూస్తూ చూస్తూ యతిరాజులుకు లోపల ఏదో తెగింది.

"లెయ్యమ్మా. అది ఈడ లేదు. ఎప్పుడూ లేదు. మా యమ్మ బదరి నుంచి తెచ్చుకునింది. పొట్లాలు మారినాయి. తప్పు నాదే."

ఏడేళ్లు గుండెల మీద మోసిన మాట అది. ఆ పిల్ల లేచి కూర్చుని ఆయన్ను జాలిగా చూసింది.

"అట్లా అనుకోకండి. పెద్దపెద్దవాళ్లు చూసి ఒప్పుకున్నారు కదా. అచ్చులో మీ పేరుండాది. అబద్ధమైతే వేస్తారా?"

"జాతి నిజమేనమ్మా. చోటు అబద్ధం."

"మీరు ఆ ఒక్కటీ గీకినందుకే పోయిందని బాధపడతా ఉండారంట కదా, సార్ చెప్పినారు." ఆమె పుస్తకం తీసి రాసుకుంది. చదివి వినిపించింది కూడా. యాత్రికుల తాకిడికి ఇక్కడ నశించి ఉండవచ్చు అని.

చెప్పాల్సిన తల్లికి చెప్పలేదు. ఇప్పుడు చెప్తే వినేవాళ్లు లేరు.

ఆ అమ్మాయి ఊరికే పోవడం ఎందుకని బండ మీది బూడిదరంగు పలకను కాస్త గీకి, కాగితంలో పెట్టి చాచింది. "కట్టిస్తారా? మీరు కడితే రాలదంట."

యతిరాజులు తీసుకున్నాడు. ముఖం పక్కకు తిప్పుకుని అయిదు మడతలూ వేశాడు. ఇవ్వబోయి ఆగి, మడతలన్నీ మళ్ళీ విప్పి లోపలికి చూశాడు. మన కొండ రాతిపువ్వే. మళ్ళీ కట్టి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.